పాట కింద పేరు చూశారా?

ఈ కాలమ్‌కి వచ్చే మెసేజ్‌లలో ఒకటి మాత్రం ఏదో ఒక రూపంలో ప్రతిసారీ ఉంటుంది. “అన్నా, పాట మంచిగుందా లేదా, గది చెప్పు సాలు. ఎవరు రాసిన్రు, ఎవరు బాణీ కట్టిన్రు, గా పేర్లన్నీ మాకెందుకు?”

అడగాల్సిన ప్రశ్నే. చదివేది బస్సులో, చేతిలో ఉన్నది ఫోను, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. అంత చిన్న స్క్రీన్ మీద సగం చోటు పేర్లకే పోతే ఎవరికైనా విసుగే. అందుకే ఈ వారం కొత్త పాటల జోలికి పోకుండా దీనికే జవాబు చెబుతాను. మధ్యలో మనకి బాగా తెలిసిన పాటలే మళ్లీ వింటాం. కాకపోతే కొంచెం వేరేగా.

ముందు ఆల్బమ్ సంగతి. క్యాసెట్ల కాలంలో అట్ట మీద పాడినవాళ్లు, రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు చిన్న అక్షరాల్లోనైనా ఉండేవాళ్లు. ఇప్పుడు తెలుగులో ఇండీ అంటే ఎక్కువగా ఒక్కో పాటే. ఎనిమిది, పది పాటలు వరసగా పెట్టి ఒక కథలా వినిపించే ఓపిక చేసేవాళ్లకీ తక్కువ, వినేవాళ్లకీ తక్కువ. యూట్యూబ్‌లో పాట వస్తుంది, దాన్ని ‘ప్రైవేట్ సాంగ్’ అంటాం. అందులో పల్లె యాస, డప్పు ఉంటే ‘ఫోక్ సాంగ్’ అంటాం. ఈ రెండు మాటలకీ ఒక తేడా ఉంది. మొదటిదానికి ఎవరో ఓనర్ ఉన్నట్టు, రెండోది చెట్టుకి కాసినట్టు అనిపిస్తుంది. గొడవంతా ఆ రెండో మాట దగ్గరే.

మెదక్‌లో ఉన్నవాళ్లకి చౌరస్తా అంటే రాందాస్ చౌరస్తా. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే నా ఈడువాళ్లకి చౌరస్తా అంటే బ్యాండు. రామ్ మిరియాల గొంతుతో వచ్చిన ‘మాయ’, ‘ఊరెళ్లిపోతా మామ’ మన ఫోన్లలోకి వచ్చినప్పుడు చాలామందికి ఒక కొత్త సంగతి తెలిసింది. తెలుగులో సినిమా లేకుండా కూడా పాట బతకొచ్చు. హీరో లేడు, సిచువేషన్ లేదు. ఒక మనిషి తన బాధ తానే చెప్పుకుంటున్నాడు, అంతే.

‘ఊరెళ్లిపోతా మామ’ బలం దాని వ్యాకరణంలోనే ఉంది. ‘వెళ్లిపోవాలని ఉంది’ అని కాదు, ‘వెళ్లిపోతా’ అంటాడు. పక్కన మామ ఉన్నాడు. అంటే ఇది ఒంటరిగా పాడుకునే పాట కాదు, ఎవరికో చెప్పుకునే మాట. శుక్రవారం సాయంత్రం జేబీఎస్‌లో మెదక్ బస్సు కోసం నిలబడ్డ ఎవరికైనా ఆ గొంతు తమదే అనిపిస్తుంది. నాకున్న పేచీ ఒక్కటే. బస్సులో కూర్చున్నవాడికి ఊరు ఎప్పుడూ అందంగానే కనపడుతుంది. సోమవారం కూడా అక్కడే ఉండేవాడు అదే ఊరి మీద పాట కడితే ఇంకోలా ఉంటుంది. ఆ రెండో పాట మన ఇండీలో ఇంకా సరిగా రాలేదు. అయినా ఈ పాటలో మోసం లేదు. ఇది వెళ్లిపోయినవాడి పాట, ఆ సంగతి పాటకీ తెలుసు.

అదే బ్యాండు 2020లో, కరోనా మొదలైన రోజుల్లో ‘చేతులెత్తి మొక్కుతా’ చేసింది. ఆరోగ్య సూచనలతో పాట చేయడం కంటే కష్టమైన పని ఉండదు. పది సెకన్లలో ప్రభుత్వ ప్రకటనలా మారిపోతుంది. ఆ పాట అలా కాలేదంటే కారణం మాట. చేయి కలపొద్దు అని చెప్పడానికి దణ్ణాన్ని తీసుకుంది. పల్లెలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

తర్వాత రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్లాడు. ‘జాతిరత్నాలు’ (2021)లో చిట్టి పాట పాడాడు, ‘డీజే టిల్లు’ (2022) టైటిల్ పాటకి సంగీతం ఇచ్చి తనే పాడాడు. ‘బలగం’ (2023)లో ‘ఊరు పల్లెటూరు’ని మంగ్లీతో కలిసి పాడాడు. ఆ పాటకి బాణీ భీమ్స్ సిసిరోలియోది, మాటలు కాసర్ల శ్యామ్‌వి. ఆ మాటలకే శ్యామ్‌కి జాతీయ అవార్డు వచ్చింది. చూడండి, ఇక్కడ ఎవరి పని ఏంటో స్పష్టంగా చెప్పగలుగుతున్నాను. ఎందుకంటే పేర్లున్నాయి. పేర్లున్నాయి కాబట్టే ‘శ్యామ్ ఈసారి బాగా రాశాడు, ఆ పాటలో అంత బాగా రాయలేదు’ అని పోల్చి మాట్లాడుకోవచ్చు. రివ్యూ అంటే అదే కదా.

ఇప్పుడు పేర్లు పోయే చోటికి వద్దాం.

2021లో ఒక పెళ్లికూతురు ‘బుల్లెట్టు బండి’ పాటకి డాన్స్ చేసిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది గుర్తుందా? ఆ తర్వాత ఏ బరాత్‌కి పోయినా అదే పాట. ఎవర్నైనా అడగండి, “అది ఫోక్ సాంగ్ కదా” అంటారు. ఎప్పట్నుంచో ఉన్న పాట అన్నట్టు. కానీ దాన్ని రాసినాయన ఉన్నాడు, పేరు లక్ష్మణ్. బాణీ కట్టినాయన ఎస్.కె. బాజీ. పాడింది మోహన భోగరాజు. పుట్టింటి పిల్ల గొంతులో గర్వం, అలక, ప్రేమ మూడూ కలిపి, పెళ్లిలో పాడుకోవడానికి వీలుగా కూర్చిన పాట అది. ఒక మనిషి కూర్చుని, ఆలోచించి చేసిన పని. అది జానపదంలా వినిపించిందంటే రాసినాయన గెలిచినట్టు. ఆ గెలుపే ఆయన పేరుని మింగేసింది.

ఇది రీల్స్‌తో వచ్చిన జబ్బు అనుకోకండి. మా జిల్లాలోనే పాత ఉదాహరణ ఉంది. మెదక్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో తూప్రాన్ వస్తుంది. గుమ్మడి విఠల్ రావు పుట్టిన ఊరు. మనకి గద్దర్‌గా తెలుసు. 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో ఆయన పాడిన ‘బండెనక బండి కట్టి’ వినని తెలంగాణవాడు ఉండడు. ఆ సినిమా నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావుది కూడా గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్, అంటే అప్పటి మెదక్ జిల్లానే. ఇప్పుడు చెప్పండి, ఆ పాట ఎవరిది?

పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్‌ది అంటారు. పాట కట్టింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన మనిషి. దొర గడీ ముందు భయపడకుండా నిలబడి పాడాల్సిన రోజుల్లో ఆ పాట పుట్టింది. గద్దర్ దాన్ని మళ్లీ మన చెవుల్లోకి తెచ్చాడు. తేవడం చిన్న పని కాదు. ఆ గొంతు లేకపోతే ఇవాళ నాకూ మీకూ ఆ పాట తెలిసేదే కాదేమో. కానీ కట్టడం ఒక పని, తేవడం ఇంకో పని. రెండూ ఒకే పేరు కింద పెడితే యాదగిరి ఇంకోసారి చనిపోతాడు. అదే సినిమాలో ‘పల్లెటూరి పిల్లగాడా’ రాసింది సుద్దాల హనుమంతు. ఆయన కొడుకే సుద్దాల అశోక్ తేజ.

అశోక్ తేజ పేరు వచ్చింది కాబట్టి ‘సారంగదరియా’ దగ్గర ఆగాల్సిందే. ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం 2021లో వచ్చింది. పల్లె నోళ్లలో ఉన్న పల్లవి, దానికి అశోక్ తేజ కొత్తగా రాసిన చరణాలు, పవన్ సీహెచ్ సంగీతం, మంగ్లీ గొంతు. పాట హిట్టయిన వెంటనే గొడవ మొదలైంది. ‘రేలా రే రేలా’ కార్యక్రమంలో ఆ పాటని అంతకుముందే పాడిన కోమలి, దాన్ని సేకరించింది తానే అని అడిగింది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల బయటికొచ్చి మాట్లాడాల్సి వచ్చింది.

అప్పట్లో చాలామంది “ఊరి పాటకి ఓనర్ ఎవరు?” అని తీసిపారేశారు. ప్రశ్న అది కాదు. ఊరి పాటకి ఓనర్ లేకపోవచ్చు. కానీ ముసలమ్మ పక్కన కూర్చుని, ఆమె మర్చిపోయిన చరణం గుర్తొచ్చేదాకా ఆగి, నేర్చుకుని, స్టేజీ మీదికి తెచ్చిన మనిషి ఒకరుంటారు. ఆ పనికి మన దగ్గర పేరు పెట్టే చోటే లేదు. ‘సంగీతం’ అని గడి ఉంది, ‘సాహిత్యం’ అని గడి ఉంది, ‘గానం’ అని గడి ఉంది. ‘సేకరణ’ అనే గడి చాలా పాటల కింద కనపడదు. ఎక్కించడానికి గడే లేకపోతే పేరు ఎక్కడ ఎక్కుతుంది?

పేరు సరిగా లేకపోతే మనుషులే కలిసిపోతారు. ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించే గొంతు దర్శనం మొగిలయ్యది. 12 మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘బలగం’ చివర్లో మనందర్నీ ఏడిపించిన బుడగజంగాల పాట పాడింది పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. ఇద్దరూ వేరు, వాయిద్యాలు వేరు, ఊళ్లు వేరు. 2024 డిసెంబర్‌లో పస్తం మొగిలయ్య కన్నుమూస్తే, నా ఫోనులోకి కిన్నెర మొగిలయ్య ఫొటోతో సంతాపాలు వచ్చాయి. బతికున్న మనిషికి దండ వేసేశారు. మనం పేరు చదవకపోతే ఇంతవరకూ వస్తుంది.

సరే, సరిగా చేసినవాళ్లు ఎవరూ లేరా? ఉన్నారు. పక్కనే కర్ణాటకలో రఘు దీక్షిత్ 2008లో తన మొదటి ఆల్బమ్ తెచ్చాడు. అందులో ‘గుడుగుడియ సేది నోడో’ అనే పాట ఉంది. మాటలు శిశునాళ షరీఫ్‌వి, 19వ శతాబ్దపు తత్వాల కవి. హుక్కా పీల్చడం మీద పాటలా వినిపిస్తుంది, లోపల మాత్రం వైరాగ్యం. మన వేమనకీ, బ్రహ్మంగారి తత్వాలకీ దగ్గరి చుట్టం అనుకోండి. దీక్షిత్ దానికి గిటార్, డ్రమ్స్ పెట్టి కుర్రాళ్లతో గంతులేయించాడు. కానీ స్టేజీ ఎక్కిన ప్రతిసారీ షరీఫ్ పేరు చెబుతాడు. దాంతో ఏమైంది? కన్నడ రాని నాలాంటివాడు కూడా ఆ పాట నుంచి షరీఫ్ దగ్గరికి వెళ్లాడు. పేరు చెబితే తన గొప్ప తగ్గుతుందేమో అనే భయం ఆ ఆల్బమ్‌లో ఎక్కడా లేదు. ఫోక్-పాప్ చేసే ప్రతి తెలుగు కుర్రాడూ ఆ ఒక్క పాటనైనా శ్రద్ధగా వినాలి. పాత మాటని ఎక్కడ వదిలేయాలో, ఎక్కడ ముట్టుకోకూడదో తెలుస్తుంది.

తమిళంలో 2021లో ‘ఎంజాయ్ ఎంజామీ’ వచ్చింది. సంతోష్ నారాయణన్ చేయించిన పాట, పాడింది ధీ, అరివు. అరివు ఆ పాటలో తన నాయనమ్మల తరం తోటల్లో పడ్డ కష్టాన్ని, వాళ్ల ఏడుపు పాటల బాణీని ప్రపంచం ముందు పెట్టాడు. పాట ఎంత పెద్దదైందో మీకు తెలుసు. అదే ఏడాది ఒక మ్యాగజైన్ కవర్ మీద ధీ బొమ్మ ఉంది, అరివు లేడు. పెద్ద గొడవైంది. 2024లో సంతోష్ నారాయణన్ స్వయంగా, ఆ పాట మీద తమకి ఒక్క పైసా రాలేదని చెప్పాడు. అంత పెద్ద పాటకే ఆ గతి పడితే, జాతర్లో మోగే పాట రాసినవాడి సంగతి ఊహించండి.

ఊహించక్కర్లేదు కూడా. నాకు తెలిసిన ఒకతను ఉన్నాడు, మా పక్క ఊరే. ఐటీఐ చదివాడు, పగలు చిన్న పని, రాత్రి పాటలు రాస్తాడు. ఒక యూట్యూబ్ ఛానెల్‌కి పాట రాసిచ్చాడు. ఒకేసారి కొన్ని వేలు చేతిలో పెట్టారు. సంతోషంగానే తీసుకున్నాడు. పాట వచ్చాక చూస్తే డిస్క్రిప్షన్‌లో హీరో, హీరోయిన్, కెమెరా, ఎడిటింగ్, డ్రోన్, పోస్టర్ డిజైన్, అన్ని పేర్లూ ఉన్నాయి. ‘లిరిక్స్’ దగ్గర మాత్రం ‘ఫోక్’ అని ఉంది. ఫోన్ చేస్తే “నెక్స్ట్ పాటకి ఏద్దాంలే తమ్మీ” అన్నారట. మొన్న శివరాత్రికి ఏడుపాయల జాతరలో ఆ పాట మోగుతుంటే పక్కనున్న పిల్లోడు “ఇది మా తాతల కాలం పాట” అన్నాడని నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. నాకే నవ్వు రాలేదు.

అతనికి తెలియంది, మీలో పాటలు రాసేవాళ్లకి పనికొచ్చేది ఒకటి చెబుతాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని లెక్కలో పాట ఒక వస్తువు కాదు, మూడు. మాటలు వేరు, బాణీ వేరు, రికార్డింగ్ వేరు. రాసినవాళ్ల హక్కు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. హక్కులు అమ్మేసినా సరే, ‘ఇది నేను రాసింది’ అని చెప్పుకునే హక్కు పోదు. 57వ సెక్షన్ చెప్పేది అదే. 2012లో చట్టాన్ని సవరించి, రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా ఉండేలా చేశారు. సంతకం పెట్టించుకుని ఆ వాటా వదిలేయించడం కూడా కుదరదు. రాసినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సొసైటీ ఐపీఆర్ఎస్, 1969 నుంచీ ఉంది. అందులో సభ్యుడిగా చేరొచ్చు. కానీ ఇవన్నీ ఎప్పుడు పనిచేస్తాయి? పాట కింద పేరు ఉన్నప్పుడు. ‘ఫోక్’ అని ఒక్క మాట రాస్తే వాటా అడిగే మనిషే లేకుండా పోతాడు. బద్ధకంతో రాసినా, తెలివిగా రాసినా ఫలితం ఒకటే.

నా ఉద్యోగం కోడ్ రాయడం. మా దగ్గర ఓపెన్ సోర్స్ అని ఒకటుంది. ఎవరో రాసిన కోడ్‌ని తీసుకుని నేను వాడుకోవచ్చు, మార్చొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎమ్ఐటీ లైసెన్స్ అని బాగా వాడుకలో ఉన్న లైసెన్స్ పెట్టే షరతు దాదాపు ఒక్కటే. రాసినవాడి పేరున్న ఆ నాలుగు లైన్లు తీసేయొద్దు. డబ్బులు అడగదు, పర్మిషన్ అడగదు, పేరు ఉంచమంటుంది. ఒక ఫైల్లో ఏ లైను ఎవరు రాశారో చూపించే కమాండ్ కూడా ఉంటుంది. ఎక్కడో ఉన్న ముక్కూ మొహం తెలియని ప్రోగ్రామర్‌కి మేమిచ్చే ఆ మర్యాద, మా పక్క ఊరి పాటగాడికి ఎందుకు ఇవ్వం?

ఇన్‌స్టాలో ఇంకా ఘోరం. ఎవరో పాడిన పాటని ఎవరో ఫోన్లో రికార్డ్ చేసి రీల్ పెడతారు. కింద ‘ఒరిజినల్ ఆడియో’ అని పెట్టినవాడి పేరుతో వచ్చేస్తుంది. దాన్ని వేలమంది వాడతారు. నాట్లేసేటప్పుడు పాడిన ఆమె గొంతు, ఎడిటింగ్ చేసిన కుర్రాడి ‘ఒరిజినల్’ అవుతుంది.

ఇప్పుడు అర్థమైంది కదా, నేను పాట విన్నప్పుడు ఏం చూస్తానో. బాణీ ఎక్కడి నుంచి వచ్చింది? దాని మీద వీళ్లు కొత్తగా చేసిన పని ఎంత? ఆ రెంటి మధ్య గీత దాచకుండా చూపించారా? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ చెప్పలేను. పాత పాటకి బీట్ మాత్రం కలిపినవాణ్ని మహా కవి అని పొగడొచ్చు. నిజంగా కొత్త పాట కట్టినవాణ్ని ‘పాతదే కదా’ అని కొట్టిపారేయొచ్చు. రెండూ అన్యాయమే. పాట మంచిగుందా లేదా అనే ప్రశ్నకి జవాబు పేర్లలోంచే మొదలవుతుంది అనేది ఇందుకే.

పేరు లేని పాటలు ఉంటాయి, ఉండాలి కూడా. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మా అమ్మవాళ్లు పాడేవాటికి కవి పేరు వెతకమని నేను అనను. కానీ అక్కడ కూడా ఊరు పేరు ఉంటుంది, నేర్పినవాళ్ల పేరు ఉంటుంది. ‘ఫలానా ఊళ్లో ఫలానా ఆమె దగ్గర విన్నాం’ అని ఒక్క లైను రాస్తే, రేపు ఎవరైనా ఆ ఊరికి బస్సెక్కి పోగలరు. ఆమె దగ్గర ఇంకా ఇరవై పాటలు ఉండొచ్చు.

ఈ వారం ఒక పని చేయండి. మీ ప్లేలిస్ట్‌లో ఎక్కువసార్లు విన్న ఫోక్ పాట తెరిచి, డిస్క్రిప్షన్‌లో ‘మోర్’ నొక్కండి. రాసిందెవరో ఉంటే, ఆ పేరుతో వెతికి ఇంకో పాట వినండి. లేకపోతే కింద కామెంట్‌లో “లిరిక్స్ ఎవరు రాశారన్నా?” అని మర్యాదగా అడగండి. ఒకరు అడిగితే పట్టించుకోరు, వందమంది అడిగితే పేరు పెడతారు. ఛానెళ్లకి కామెంట్ల మీద ఉన్నంత భక్తి దేని మీదా ఉండదు.

ఇక నాకు పాటలు పంపేవాళ్లకి. లింక్ ఒక్కటే పంపకండి. ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరు వాయించారు, రాసి పంపండి. పాత బాణీ అయితే ఎక్కడ విన్నారో చెప్పండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. పేర్లు లేని పాటకి ఈ కాలమ్‌లో ఇకమీదట రివ్యూ ఉండదు. వచ్చే వారం కొత్త ఆల్బమ్ ఒకటి వరసలో ఉంది. ఆరు పాటలు, ఆరింటికీ పేర్లున్నాయి. పాటలు మంచిగున్నాయా లేదా అనేది అప్పుడు మాట్లాడుకుందాం.